మేము లిగమెంటు అని చెప్పుకున్న కాలు

సాక్సులు తయారుచేసేవాళ్ళ మీద నాకొక ఫిర్యాదు ఉంది. జత అని అమ్ముతారు గానీ రెండింటికీ ఎలాస్టిక్ ఒకేలా వెయ్యరు. ఆ సీజన్లో నేను ఏ జత వేసుకున్నా ఎడమకాలి సాక్సు బిగుతుగా ఉండేది. సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక విప్పితే కుడికాలి మీద చిన్న గీత, ఎడమకాలి మీద పంటబోదె తవ్వినట్టు గాడి. కుడిదీ ఎడమదీ మార్చి వేసుకున్నాను. అప్పుడూ ఎడమదే బిగుతు. డిగ్రీ చదివినవాణ్ణి కాబట్టి, ఈ ప్రయోగం నుంచి ఒక నిర్ణయానికి వచ్చాను: కంపెనీ మార్చాలి.

మార్చాను. కొన్నాళ్ళకి బూటు కూడా బిగుతైంది. అప్పుడు బూటు కంపెనీని తిట్టుకున్నాను. కాలిని అనుమానించాలని తోచలేదు. ఆ కాలు నాకు అన్నం పెడుతోంది మరి.

నేను ఫుట్‌బాల్ ఆడి బతుకుతాను. ఈ మాట మా వైపు ఎవరికైనా చెబితే "అది సరేనండి, పనేం చేస్తారు?" అని మర్యాదగా అడుగుతారు. మాది మామిడికుదురు దగ్గర ఊరు. మా మిషన్ స్కూల్లో క్రికెట్ కిట్టు ఎప్పుడూ పెద్ద క్లాసుల వాళ్ళ చేతుల్లో ఉండేది. మాకు మిగిలింది ఫుట్‌బాలు. అమలాపురంలో డిగ్రీ చదువుతూ కాలేజీ టీములో, తర్వాత యూనివర్సిటీ టీములో ఆడి, చివరికి పక్క రాష్ట్రంలో ఒక క్లబ్బులో పడ్డాను. మిడ్‌ఫీల్డరుని. అంటే గోలు కొట్టేవాడికీ గోలు ఆపేవాడికీ మధ్య మ్యాచంతా పరిగెత్తుతూ, ఇద్దరి తిట్లూ తినేవాణ్ణి. పేపర్లో ఫొటో వస్తే వెనకాల మసగ్గా ఉండేది మేమే.

మా కాంట్రాక్టు ఏడాదికి ఒకసారి రాస్తారు. సీజను చివర్లో కోచ్ పిలిచి కాఫీ ఇస్తే వచ్చే ఏడాది ఉన్నట్టు. మేనేజరు పిలిచి షేక్‌హ్యాండ్ ఇస్తే లేనట్టు. ఆ ఏడాది నాకు కాఫీ ఖాయమని డ్రెస్సింగ్ రూములో అందరూ అనుకున్నారు. నేను కూడా అనుకున్నాను.

చివరికి కాలు చూపిస్తే మా క్లబ్బు ఫిజియో చీలమండ మీద బొటనవేలితో నొక్కాడు. వేలు తీశాక గుంట అలాగే నిలిచి, తీరిగ్గా నిండింది. "స్ప్రెయిన్" అన్నాడు. నాకు కాలు ఎక్కడా మడతపడలేదన్నాను. "నీకు తెలియకుండా పడి ఉంటుంది" అన్నాడు. కాదనలేకపోయాను. మైదానంలో నాకు తెలియకుండా చాలా జరిగేవి, అందులో కొన్ని గోల్స్ కూడా ఉన్నాయి. ఐస్ పెట్టాడు, క్రేప్ బ్యాండేజ్ కట్టాడు. పొద్దుటికి వాపు తీసేది, సాయంత్రానికి డ్యూటీకి వచ్చేది. ఎక్స్‌రే తీశారు, ఎముక బాగుంది. ఎమ్మారై తీశారు, లిగమెంట్లు దివ్యంగా ఉన్నాయి. డాప్లర్ తీశారు, రక్తం గడ్డలేమీ లేవు. వచ్చిన రిపోర్టులన్నీ నార్మలే. ఆ శుభవార్తలు వింటూ కాలు కొంచెం కొంచెం ఒళ్ళు చేసింది.

తర్వాత ఒక మ్యాచ్‌లో, ఎండకి రిఫరీయే గొడుగు అడిగేటట్టున్న మధ్యాహ్నం, హాఫ్‌టైములో నాకు చలేసింది. మామూలు చలి కాదు, పళ్ళు టకటక కొట్టుకున్నాయి. తువ్వాళ్ళు కప్పారు. గజ్జలో నిమ్మకాయంత బిళ్ళ కట్టింది. అక్కడి నుంచి తొడ లోపలివైపుగా ఒక ఎర్రటి చార కిందికి దిగింది. ఆ సాయంత్రమే అడ్మిట్ చేశారు. "సెల్యులైటిస్, చర్మం కింద ఇన్ఫెక్షన్" అని ఐవీ యాంటీబయాటిక్స్ ఎక్కించారు. జ్వరం తగ్గింది. వాపు మాత్రం ఈసారి పొద్దుట కూడా తియ్యలేదు.

డిశ్చార్జి చేసేముందు రౌండ్స్‌కి వచ్చిన పెద్ద డాక్టరు కాలు చూశాడు, తర్వాత మొహం చూశాడు.

"మీ నేటివ్ ప్లేస్?"

"ఆంధ్రా సార్. కోనసీమ."

"అక్కడ ఏముంటాయి?"

"కొబ్బరిచెట్లు, కాలవలు సార్."

"దోమలు?"

"కాలవలున్నాక అవి లేకుండా ఎలా సార్."

ఆయన నవ్వలేదు. పక్కనున్న నర్సుతో "ఫైలేరియా యాంటిజెన్ పంపించండి" అన్నాడు.

వేలి చివర రక్తం తీసి కార్డు మీద వేశారు. కాసేపటికి రెండో గీత కనిపించింది, అంటే ఉన్నట్టే. నేను చదివింది జువాలజీ. బోదకాలు పురుగు జీవితచక్రం బొమ్మ పరీక్షలో చక్కగా గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఒకవైపు దోమ, ఒకవైపు మనిషి, మధ్యలో బాణం గుర్తులు. ఆ మనిషి నేనేనని సిలబస్‌లో ఎక్కడా లేదు.

అల్ట్రాసౌండ్ కూడా తీశారు. ఎక్కడ తీశారో రాయను, మోకాలికి పైన అనుకోండి. రేడియాలజిస్టు ఉత్సాహవంతుడు. స్క్రీను నా వైపు తిప్పి, "చూశారా, పురుగులు ఎలా కదులుతున్నాయో! దీన్ని ఫైలేరియల్ డాన్స్ సైన్ అంటాం" అన్నాడు. చూశాను. నిజంగానే ఆగకుండా కదులుతున్నాయి. ఆ సీజన్లో మా క్లబ్బు తరఫున అంత చురుగ్గా కదిలినవాళ్ళు లేరు.

హాస్యం అక్కడితో అయిపోయింది. ఎందుకంటే ఆ జబ్బు ముదిరితే కాలు ఎలా ఉంటుందో నేను బొమ్మల్లో కాక, గోడ పక్కనే చూస్తూ పెరిగాను.

కరుణమ్మ పెద్దమ్మ మా అమ్మకి సొంత అక్క. వాళ్ళింటికీ మా ఇంటికీ గోడ ఒకటే. ఒంటరి మనిషి, మిషన్ కుడుతుంది. మా ఊళ్ళో సగం జాకెట్లు ఆవిడ తొక్కిన మిషన్ మీద కుట్టినవే. ఎడమకాలు మోకాలి నుంచి కిందికంతా ఒకే లావు, చర్మం మడతలు పడి గరుగ్గా ఉంటుంది. కుచ్చెళ్ళు ఆ వైపు కాస్త ఎక్కువ జారేలా చీర కట్టుకుంటుంది. కాలు బరువెక్కి పెడల్ మీదికి లేవని రోజుల్లో కుడికాలితోనే తొక్కుతుంది. జ్వరం వచ్చిన రోజున మిషన్ చప్పుడు ఉండదు. చప్పుడు లేకపోతే అమ్మ కారియర్లో గంజి పంపేది.

నా చిన్నప్పుడు ఏటా ఒకసారి ఇంటింటికీ తిరిగి ఫైలేరియా మాత్రలు పంచేవారు. మా వీధిలో ఆ మాత్రలకి ఒక ఆనవాయితీ ఉండేది. తీసుకునేవాళ్ళం. "భోంచేసేక వేసుకుంటామండీ" అనేవాళ్ళం. వాళ్ళు వీధి మలుపు తిరగ్గానే పట్టుకెళ్ళి పెద్దమ్మకి ఇచ్చేవాళ్ళం. మా అమ్మ ఎలిమెంటరీ స్కూలు టీచరు. ఆవిడే ముందు. "మనందరి కాళ్ళూ బాగానే ఉన్నాయి కదా, మనకెందుకు? పాపం అక్కకి పనికొస్తాయి" అనేది. మా వీధి వీధంతా అంత మంచివాళ్ళే. ఆ మాత్రలు కాళ్ళు బాగున్నవాళ్ళ కోసమేనని మాకెవరూ చెప్పలేదని అనను. ఆటోకి మైకు కట్టి మరీ చెప్పారు. మైకులో చెప్పేది పక్కింటివాళ్ళకని మా నమ్మకం.

సెలవు పెట్టి ఇంటికొచ్చి, కాకినాడలో ఒక డాక్టరమ్మకి చూపించుకున్నాను. ఆవిడ మా వైపు కాళ్ళు చాలా చూసినట్టుంది, కంగారుపడలేదు.

"మాత్రలతో పురుగు చస్తుంది బాబూ. అది పాడుచేసిన లింఫ్ గొట్టాలు మాత్రం కొత్తవి రావు. కానీ మీది ఇంకా మొదటి స్టేజీల్లోనే ఉంది. రోజూ శ్రద్ధగా చూసుకుంటే వాపు తీసేస్తుంది, ఇక్కడే ఆపచ్చు."

"నయమవుతుందాండీ?"

"కంట్రోల్ అవుతుంది అన్నాను."

"ఆడచ్చాండీ?"

"వ్యాయామం మంచిదే. దెబ్బలు తగలకూడదు, చర్మం చిట్లకూడదు. ఏం ఆడతారు మీరు?"

"ఫుట్‌బాలండీ. మిడ్‌ఫీల్డు."

"అంటే ఏం చెయ్యాలి?"

"ఎదుటివాళ్ళ చేత కాళ్ళ మీద తన్నించుకోవాలండీ."

ఆవిడ పెన్ను కింద పెట్టి, నా కాలి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి చూసింది. చివరి రెండు వేళ్ళ సందులో తెల్లగా నాని పగిలి ఉంది. "మీ జ్వరం లోపలికి వచ్చిన గుమ్మం ఇదే" అంది. పురుగు వల్ల కాలు వాస్తుంది, ఈ పగులులోంచి బ్యాక్టీరియా దూరి ఎటాక్ వస్తుంది, ఎటాక్ వచ్చినప్పుడల్లా వాపు ఒక మెట్టు పైకెక్కుతుంది. మందుల కంటే ఎక్కువసేపు ఆవిడ చెప్పింది కాలు కడుక్కోవడం గురించి. సబ్బు, మామూలు నీళ్ళు, వేళ్ళ సందులు, మెత్తటి గుడ్డతో తడి లేకుండా అద్దడం, యాంటీఫంగల్ క్రీము, పడుకునేటప్పుడు కాలు ఎత్తులో పెట్టడం, బ్యాండేజ్. "గాలి తగలనివ్వండి. మూసిపెట్టకండి" అని రెండుసార్లు చెప్పింది.

పురుగుని చంపే డీఈసీ మాత్రలు వేసుకున్నాను. డాక్సీసైక్లిన్ కొన్ని వారాలు వేసుకున్నాను. మూసిపెట్టకండి అన్న ఒక్క మాటే ఇంట్లో కుదరలేదు.

ఎందుకంటే అమ్మ అప్పటికే ఊరందరికీ "లిగమెంటు" అని చెప్పేసింది. లిగమెంటు గౌరవమైన జబ్బు. టీవీలో క్రికెటర్లకి వస్తుంది. బోదకాలంటే పెళ్ళిళ్ళ పేరయ్య మళ్ళీ ఆ వీధిలోకి రాడు. మస్కట్‌లో డ్రైవరుగా ఉన్న నాన్న కూడా ఫోన్లో "లిగమెంటనే చెప్పండెహె" అన్నాడు. కొద్దిరోజుల్లో ఊళ్ళో లిగమెంటు గురించి తెలియనివాడు లేడు. ఆదివారం చర్చిలో నా లిగమెంటు కోసం ప్రార్థన చేశారు. పెద్దమ్మ కూడా కళ్ళు మూసుకుని గట్టిగా ఆమెన్ అంది.

మా చర్చిలో చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చోవాలి. కాళ్ళు అందరికీ కనిపిస్తాయి. అందుకని నేను సాక్సులతో కూర్చునేవాణ్ణి. ఎవరైనా అడిగితే "స్పోర్ట్స్ సాక్సండీ, లిగమెంటుకి" అని అమ్మే చెప్పేది. ఇంట్లో ఎవరో ఒకరు పలకరించడానికి వస్తూనే ఉంటారు కాబట్టి ఇంట్లోనూ సాక్సులే. మా ఎండాకాలం, ఆ ఉక్క, ఆ చెమట, పొద్దుణ్ణించి సాయంత్రం దాకా తడిసిన సాక్సులో మూసిన కాలు. కడుక్కున్నది కడుక్కున్నట్టే నానిపోయింది.

రెండో ఎటాక్ ప్రార్థన మధ్యలో వచ్చింది. చాప మీద కూర్చున్నవాణ్ణి వణుకుతూ పక్కకి ఒరిగాను. అందరూ పరిశుద్ధాత్మ అనుకుని కాసేపు వదిలేశారు. తర్వాత నుదురు పట్టుకుని చూసి ఆటో పిలిచారు. ఆటోలో ఎవరో గాలి ఆడుతుందని సాక్సు లాగేశారు. లిగమెంటు ఆ రోజుతో అయిపోయింది.

కాకినాడ డాక్టరమ్మ ఈసారి బాబూ అనలేదు. "ఎవరి కోసమండీ మూసిపెట్టేరు?" అంది. అమ్మ బ్యాగు జిప్పు తీసి, మళ్ళీ వేసింది.

వాపు ఒక మెట్టు ఎక్కింది. సీజను మొదలయ్యే నాటికి బూటు పట్టలేదు. మా మేనేజరు మంచివాడు. షేక్‌హ్యాండ్ ఫోన్లో ఇవ్వడం కుదరదు కాబట్టి, వాట్సాప్‌లో రెండు చేతులు కలిపిన బొమ్మ ఒకటి పంపాడు. మిగతా విషయం నేను అర్థం చేసుకున్నాను.

హాస్పిటల్ నుంచి వచ్చిన మర్నాడు పెద్దమ్మ గోడ పక్కనుంచి నడిచి వచ్చింది. చేతిలో పాత బిస్కెట్ల డబ్బా. నా ముందు కుర్చీలో కూర్చుని మూత తీసింది. నిండా మాత్రలు. కొన్ని పొట్లాల్లో, కొన్ని కాగితాల్లో మడిచి. కొన్ని పొడైపోయాయి.

"ఇవన్నీ ఏంటి పెద్దమ్మా?"

"మీరందరూ ఇచ్చినవేరా."

"వేసుకోలేదా?"

"మొదట్లో ఓసారి వేసుకున్నాను. వాంతులయ్యేయి. కాలు ఇంత లావయ్యేక మాత్రతో సన్నబడదమ్మా అన్నాడు అప్పటి కాంపౌండరు. మరి పారెయ్యలేను కదా, ప్రేమగా తెచ్చిచ్చేరు." డబ్బాలో వేలు పెట్టి కెలికింది. "నీవి కూడా ఇందులోనే ఎక్కడో ఉంటాయి. ఏవో తెలీదు."

అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు గిన్నెలు తోముతున్న చప్పుడు వచ్చింది. అప్పటికి గిన్నెలన్నీ తోమి ఉన్నాయి.

ఆ సాయంత్రం నుంచి నేను వీధి అరుగు మీద, అందరికీ కనిపించేలా, ప్లాస్టిక్ టబ్బులో కాలు పెట్టుకుని కడుక్కున్నాను. మొదటి రోజు వీధిలో వెళ్ళేవాళ్ళు సైకిళ్ళు నెమ్మది చేశారు. రెండోరోజు ఒకాయన ఆగి "లిగమెంటు కాదేంటండీ?" అని అడిగాడు. "కాదండీ, బోదకాలు" అన్నాను. "ఆయ్" అని వెళ్ళిపోయాడు. తర్వాత ఎవరూ నెమ్మది చెయ్యలేదు. రోజూ చూసేదాన్ని ఎంతకని చూస్తారు.

టబ్బు పక్కన రెండో టబ్బు పెట్టడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "నాకిప్పుడెందుకురా, బాజా బజంత్రీలా?" అనేది. డాక్టరమ్మ చెప్పిన మాటే చెప్పాను: కాలు సన్నబడకపోయినా, శుభ్రంగా ఉంచితే జ్వరాలు తగ్గుతాయి. జ్వరాలు తగ్గితే మిషన్ ఆగదు. ఆ చివరి మాటకి ఒప్పుకుంది.

నా కాలు నెలల మీద దారికొచ్చింది. మొదట సాయంత్రం వాపు తగ్గింది, తర్వాత చీలమండ ఎముక పైకి తేలింది. దాన్ని చూసి నాకు చిన్నప్పటి స్నేహితుడు కనిపించినంత పని అయింది. బ్యాండేజ్ కట్టుకుని నడిచాను, తర్వాత పరిగెత్తాను, తర్వాత అమలాపురం కాలేజీ గ్రౌండులో కుర్రాళ్ళతో ఆడి ఓడిపోయాను. ఈలోగా ఒక క్లబ్బు రమ్మంటే ఎగురుకుంటూ వెళ్ళి, మెడికల్‌లో కాలు చూసి పంపించేస్తే నడుచుకుంటూ వచ్చాను. రెండో క్లబ్బులో ముందే అంతా చెప్పాను. కోచ్ విని, "అంటుకుంటుందా?" అని అడిగాడు. అంటుకోదన్నాను. "అయితే ట్రయల్‌కి రా" అన్నాడు. ట్రయల్ అయ్యాక టీ ఇచ్చాడు. ఆ క్లబ్బులో టీకి అర్థమేమిటో నాకు ఇంకా పూర్తిగా తెలియదు. ప్రస్తుతానికి సగం సీజను కాంట్రాక్టు. కొన్ని మ్యాచ్‌లు మొదటి నుంచి ఆడాను. కొన్ని బెంచి మీంచి జాగ్రత్తగా చూశాను. మ్యాచ్ అయ్యాక అందరూ ఫోన్లు తీసుకుంటారు, నేను సబ్బు తీసుకుంటాను. వేళ్ళ సందులు చూసుకోవడంలో మా టీములో నన్ను మించినవాడు లేడు.

ఇది చదివేవాళ్ళకి చెప్పదల్చుకున్నది ఒక్కటే. మీ వీధికి ఫైలేరియా మాత్రలు వస్తే, భోంచేసి, ఇచ్చినవాళ్ళ ఎదురుగానే, మీ మాత్ర మీరే మింగండి. గర్భిణులకి, రెండేళ్ళలోపు పిల్లలకి, బాగా జబ్బుగా ఉన్నవాళ్ళకి మాత్రం వద్దంటారు, వాళ్ళ సంగతి డాక్టర్ని అడిగి చెయ్యండి. మిగతావాళ్ళం దాన్ని ప్రేమగా ఇంకొకరికి ఇవ్వకూడదు. అది ప్రసాదం కాదు.

మొన్న సెలవుల్లో ఇంటికి వెళ్ళాను. సాయంత్రం అరుగు మీద రెండు టబ్బులూ ఉన్నాయి. పెద్దమ్మకి వంగితే వేళ్ళ దాకా చెయ్యి అందదు. అందుకని నేనున్నప్పుడు నేనే కడుగుతాను. మడతల మధ్య సబ్బు పోనిచ్చి, నీళ్ళు పోసి, పాత మెత్తటి పంచెతో అద్దుతున్నాను. ఈమధ్య జ్వరాలు బాగా తగ్గాయని, క్రిస్మస్ జాకెట్లన్నీ టైముకే ఇచ్చేసిందని అమ్మ చెప్పింది. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను.

"ఇన్నేళ్ళూ పెద్ద డాక్టరెవరికీ చూపించలేదేం పెద్దమ్మా?"

పెద్దమ్మ తన కాలూ, పక్క టబ్బులో నా కాలూ మార్చి మార్చి చూసింది.

"నీది బంతి తన్నే కాలు కాబట్టి ఇంతమంది డాక్టర్లు వంగి వంగి చూసేరు. నేనూ కాలితోనే బతికేనురా. నాది ఎవడు చూసేడు?"